నా లెక్క కనబడితే తప్పేంది?

ఆ సినిమా నటి మీద నాకు కోపం లేదు. ముందే చెప్తున్న. నా కోపమంతా ఆమె మాటలకు హాలు నిండా మోగిన చప్పట్ల మీద. అందులో నేను కొట్టినవి కూడా ఉన్నయి.

2024 మార్చి 8. జిల్లా కేంద్రంలో మహిళా దినోత్సవం. మండలానికి ఇంతమంది టీచర్లు రావాలని పైనుంచి ఉత్తర్వు. కుర్చీలు నిండాలె గదా. మోడల్‌గా మొదలై నాలుగైదు సినిమాల్లో వేషాలేసిన ఒకామె ముఖ్య అతిథి. తెలుగమ్మాయే. ముప్పావుగంట మాట్లాడింది. బాగా మాట్లాడింది కూడా. బొంబాయిలో రంగు తక్కువని తనను ఎట్ల వాపసు పంపిందీ, ముక్కు సరిచేయించుకొమ్మని ఎట్ల సలహాలిచ్చిందీ, బరువు తగ్గాలని తిండి మానేసి షూటింగులో కళ్లు తిరిగి ఎట్ల పడిపోయిందీ దాచకుండా చెప్పింది. "ఇప్పుడు నా ఒళ్లంటే నాకు సిగ్గు లేదు. రోజూ పొద్దున్నే అద్దం ముందు నిలబడి నేను అందంగా ఉన్నానని పదిసార్లు చెప్పుకుంటాను. మీరూ చెప్పుకోండి. ఫెమినిజమంటే నాకు ఇదే" అన్నది. చప్పట్లు.

తర్వాత ప్రశ్నలడగమని మైకు తిప్పిండ్రు. నేను లేచిన. "మేడం, నేను మాదిగ వాడ నుంచి వచ్చిన. మా అమ్మ ఒళ్లు..." అన్ననో లేదో, వేదిక మీదున్న నిర్వాహకురాలు అందుకున్నది. ఆమె కవిత్వం రాస్తది. స్త్రీవాదినని చెప్పుకుంటది. "టీచర్ గారూ, ఇవాళ ఆడవాళ్ల పండగ. కులం ఎందుకమ్మా మధ్యలో" అని నవ్వుకుంటనే మైకు ఇంకో వరసకు పంపింది. నటే నయం. అంతా అయినంక నన్ను వెతుక్కుంటూ వచ్చి చెయ్యి పట్టుకొని "మీరేదో చెప్పబోయారు" అన్నది. నేను నోరు తెరిచేలోపే "మీ స్కిన్ టోన్ ఎంత బాగుందో మీకు తెలుసా!" అని పక్కన నిలబడి సెల్ఫీ తీసుకున్నది. మంచి మనిషి. అదే నా బాధ. చెడ్డ మనిషికైతే జవాబు చెప్పుడు అల్కగ ఉంటది.

ఆనాడు అడగనియ్యని ప్రశ్న ఇక్కడ అడుగుతున్న. ఒళ్లంటే సిగ్గుపడొద్దంటున్నరు. సరే. ఎవరి ఒళ్లు? ఎవరి ముందట?

మా ఇంట్ల అద్దమంటే మట్టిగోడ గూట్లో పెట్టిన అరచెయ్యంత ముక్క. మా అమ్మ పొద్దుమీకి బొట్టు పెట్టుకునేటప్పుడే దాంట్లో చూసుకునేది. అదీ నొసలు వరకే. మొఖమంతా ఒక్కసారి కనబడే అద్దాన్ని నేను ఐదో తరగతిల సాంఘిక సంక్షేమ హాస్టల్లో చూసిన. దాని ముందట నలభై మందిమి. అందుకే మా మొఖం ఎట్లుంటదో మాకు అద్దం చెప్పలేదు, వేరేవాళ్లు చెప్పిండ్రు. పైసలు చేతికియ్యకు, కింద పెట్టుమన్న కిరాణా షావుకారు చెప్పిండు. బడి ఊడ్వాలంటే మా వాడ ఆడపిల్లలనే లేపిన సారు చెప్పిండు. పదో తరగతిల "నీ రంగుకు ఇన్ని మార్కులా!" అని పేపరు చేతికిచ్చిన టీచరు చెప్పింది. రంగుకూ మార్కులకూ ఏం సంబంధమో ఇరవై ఏండ్లు దాటినా నాకు తెలువదు. ఆమెకు తెలిసే ఉంటది.

2012 డీఎస్సీలో నాకు ఉద్యోగమొచ్చింది. మా ఇంట్ల డిగ్రీ మొఖం చూసినదాన్ని నేనే మొదలు. బడిల చేరిన మొదటి వారమే ఒక అధికారి తనిఖీకి వచ్చిండు. వరండాలో నిలబడ్డ నన్ను చూసి "అమ్మా, మంచినీళ్లు పట్టుకరా" అన్నడు. నేను తెచ్చిచ్చిన.

ఇది చదివే విద్యార్థులు నన్ను తిట్టుకుంటరు, ఎందుకు తెచ్చినవని. నాకూ తెలువదు. కాళ్లు వాటంతటవే కుండ దిక్కు నడిచినయి. తరతరాలు నడిచిన తొవ్వ అది, కాళ్లకు బాగా తెలుసు. ఆయన తాగి గ్లాసు కింద పెట్టినంక హెడ్మాస్టరు "సార్, ఈమె మా కొత్త సోషల్ టీచర్" అన్నడు. "అయ్యో సారీ అమ్మా, స్కావెంజర్ అనుకున్న" అన్నడు అధికారి. స్కావెంజరు అక్కడనే ఉన్నది, చేతిల చీపురుతోని. మా కులమే. మా అమ్మ కంటె నాలుగైదేండ్లు పెద్దది.

ఇగ ఇప్పుడు చెప్పేది నా తప్పు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నీళ్లు తెమ్మన్నందుకైతే ఎట్లన్న ఓర్చుకుందును. నన్ను ఆమె అనుకున్నడే, అదీ నా ఏడుపు. మొదటి జీతంతో నాలుగు గంజి చీరలు కొన్న. రోల్డుగోల్డు గొలుసు, చేతిగడియారం, ఎండకు గొడుగు, మొఖానికి తెల్లబరిచే క్రీము. అందంగా కనబడాలన్న ఆశ కూడా లేదు నాకు. ఆమె లెక్క కనబడకుంటే చాలు. పక్కపక్కన నిలబడితే చూసేవాళ్లకు పోలిక దొరుకుతదని ఆమెతో మాట్లాడుడు కూడా తగ్గించిన. ఆమెకు సమజైంది. ఒకనాడు నీళ్ల ట్యాంకు కాడ దొరకబుచ్చుకొని, మొఖంలకు సూటిగ చూసి అడిగింది.

"నా లెక్క కనబడితే తప్పేంది టీచరమ్మా?"

జవాబు లేదు నా దగ్గర. చాక్‌పీసు డబ్బా చేతిలో పట్టుకొని క్లాసుకు పోయిన. ఆనాడు పిల్లలకు సమానత్వ హక్కు పాఠమే చెప్పాలె. రాజ్యాంగంలో పద్నాలుగో అధికరణం నుంచి పద్దెనిమిది దాకా. చెప్పిన కూడా.

నటి చెప్పిన అద్దం ఈ ప్రశ్నకేం చేస్తది? నేను అందంగా ఉన్నానని పదిసార్లు కాదు వందసార్లు అనుకున్నా నాకు ఆ సిగ్గు పోదు. ఎందుకంటే అది నా ఒంట్ల పుట్టిన సిగ్గు కాదు. చీపురు పట్టిన చెయ్యి తక్కువదని ఊరు అనుకున్నది, నేను నమ్మిన. నమ్మి, ఆ చెయ్యికి దూరం జరుగుడే ఆత్మవిశ్వాసమనుకున్న. బాగా చదువుకున్న దళిత ఆడబిడ్డలారా, మీరు కూడా గుండె మీద చెయ్యేసుకొని చెప్పుండ్రి. "మీరు చూస్తే ఎస్సీల లెక్క కనబడరండీ" అని స్టాఫ్‌రూముల ఎవరన్న అంటే లోపల ఏదో మూల సంతోషపడలేదా? నేను పడ్డ.

ఆ క్రీముల సంగతి కూడా చెప్పాలె. 1975 నుంచి మన దేశంలో అమ్ముతున్న ఒక క్రీము 2020లో తన పేరులోంచి తెలుపు అర్థమొచ్చే మాట తీసేసింది. అమెరికాలో జార్జ్ ఫ్లాయిడ్ మెడ మీద పోలీసు మోకాలేసి చంపినంక, లోకమంతా వీధులకెక్కినంక జరిగిన పని అది. మంచిదే. కారంచేడు 1985, చుండూరు 1991. అప్పుడు నల్లచర్మం గురించి ఏ కంపెనీకీ ఏమీ తోచలే. మన చావుకు డబ్బా మీద పేరు మార్చేంత బరువు కూడా లేదు.

స్త్రీవాదాన్ని నేను కాదనను. 1993లో వచ్చిన 'నీలిమేఘాలు' సంకలనాన్ని బీఈడీ చదివేటప్పుడు లైబ్రరీల నిలబడే చదివిన. ఆడది తన ఒంటి గురించి నోరు విప్పొచ్చని నాకు నేర్పింది ఆ పుస్తకమే. ఆ రుణముంది. కాని రుణమున్నదని నోరు మూసుకొమ్మంటే ఎట్ల? జయప్రభ పైట మీద కవిత రాస్తే అందులో పైట ఆడదాన్ని కట్టేసిన గుడ్డ. జూపాక సుభద్ర కొంగు మీద రాస్తే అది పనిచేసే గుడ్డ. రెండూ నిజాలే. ఒక్క గుడ్డ రెండు ఇండ్లల్ల రెండు తీర్ల ఎట్లయిందో చెప్పుమంటున్న. మా అమ్మ కొంగుతోనే చెమట తుడుచుకుంటది, పొయ్యి మీద గిన్నె దించుతది, ఏరుకొచ్చిన పరిగె మూట కట్టుకుంటది. దాన్ని తగలబెడితే రేపటి పనికి ఏం గుడ్డ?

అక్కలారా, మీ ఒళ్లును నాలుగ్గోడల నడుమ మూసిపెట్టిండ్రు. మా ఒళ్లును ఊరి నడుమ తెరిచిపెట్టిండ్రు. మీకు గడప దాటుడు విడుదల. మేము గడప లోపల ఎన్నడున్నం? మా నాయినమ్మ రవిక తొడుక్కొని గడీ ముందటినుంచి పోతే "ఏందే, సోకులెక్కువైనయి" అన్నరట. ఆనాటినుంచి ఆమె రవికను సంచిల పెట్టుకొని పోయి, గడీ దాటినంక చెట్టు చాటున తొడుక్కునేదట. తిరువాన్కూరు రాజ్యంల నాడార్ ఆడవాళ్లు రొమ్ము కప్పుకునే హక్కు కోసం దశాబ్దాలు కొట్లాడితే 1859లో ఉత్తర్వు వచ్చింది. కప్పుకునేటందుకు కొట్లాట! ఇక్కడ మా పిల్లలను జోగినిగ దేవుని పేర పెండ్లి చేసి ఊరికి వదిలిపెడితే, దాన్ని నేరమన్న చట్టం 1988 దాకా రాలేదు. చట్టమొచ్చినంక కూడా ముడులు పడ్డయి. అందుకే "నా ఒళ్లు నా ఇష్టం" అన్న మాట మీ నోట ఒక తీరు, మా నోట ఇంకో తీరు. మేమంటే దానర్థం ముట్టకు అని. చేసిన పనికి కూలియ్యి అని.

మా అమ్మ ఒళ్లు గురించే గదా ఆనాడు అడగబోయిన. మిరపకాయ ఏరే కాలంల ఆమె చేతులు రాత్రంతా మండేటియి. చల్లనీళ్ల గిన్నెల చేతులు పెట్టుకొని గోడకొరిగి కునుకు తీసేది. మమ్ముల దగ్గరికి తీయకపోయేది, ఆ చేతులు మా కండ్లకు తాకుతయని. ముప్పై రెండేండ్లకు తెల్లబట్ట అవుతుందని పట్నంల ఒక ప్రైవేటు దవాఖానకు పోయింది. గర్భసంచి తీయకపోతే క్యాన్సరొస్తదన్నరు. "ముగ్గురు పిల్లలున్నరు గదా, ఇంకెందుకది" అన్నడట డాక్టరు. నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చి తీయించుకున్నం. నలభయ్యో రోజున నాటుకు వంగింది. నడుము నొప్పి అప్పుడు పట్టింది, ఇంకా వదలలేదు. మా వాడల ఆ వయసు ఆడవాళ్లు ఎవలెవలకు తీసిండ్రో లెక్కపెట్టుకుంట పోతే, తీయనోళ్లను లెక్కపెట్టుడే సులువు. ఒంటి గురించి ఆత్మవిశ్వాసమంటే మా అమ్మ దృష్టిల ఏందో తెలుసా? పొద్దున లేస్తే నడుము లేవాలె. అంతే.

నటి అంటే నాకు పి.కె. రోసీ గుర్తొస్తది. 1920ల చివర తిరువనంతపురంలో జె.సి. డేనియల్ తీసిన 'విగతకుమారన్' మొదటి మలయాళ సినిమా. అందులో నాయిక రోసీ. దళిత క్రైస్తవురాలు. నాయర్ స్త్రీ వేషం కట్టింది. ఆ పాపానికి అగ్రకులాలవాళ్లు తెర మీద రాళ్లేసిండ్రు. ఆమె ఊరిడిచి తమిళ దేశానికి పారిపోయింది. మళ్ల ఏ సినిమాల కనబడలేదు. ఆ సినిమా రీలు కూడ మిగల్లేదు. 2023 ఫిబ్రవరి 10న గూగుల్ తన పేజీ మీద ఆమె బొమ్మ పెట్టింది. చూసి మా బడి కంప్యూటరు ముందట చాలాసేపు కూసున్న. ఆమె ఏ అద్దంల చూసుకొని ఏం చెప్పుకోవాలె, చెప్పుండ్రి. తన ఒళ్లు తనకు నచ్చింది, నచ్చింది గనుకనే కెమెరా ముందట నిలబడ్డది. నచ్చనిది ఎదుటోళ్లకు.

మన నిజామాబాదుల చిందు ఎల్లమ్మ. 2005లో చనిపోయింది. మొఖానికి ఆర్దళం పూసి కిరీటం పెట్టి బతుకంతా చిందు భాగవతమాడింది. మగ వేషాలు కూడా కట్టింది. చిందోళ్లు ఎల్లమ్మ వేషం కడితే ఊరు ఊరంతా మొక్కుతది. వేషం విప్పితే బువ్వకు మాదిగ వాడకే రావాలె. మొక్కేటప్పుడు ఎవరి ఒంటికి మొక్కినట్టు? మోడళ్ల గురించి మాట్లాడే మహిళా సభల్లో ఎల్లమ్మ పేరు నేనెన్నడూ వినలే.

ఒళ్లంటే భయం లేకపోవుడు గురించి మా పిల్లలకు చెప్పాలంటే నేను వీళ్లిద్దరితోపాటు ఇంకొకామె పేరు చెప్త. 1985 జూలైల కారంచేడు మంచినీళ్ల చెరువు కాడ, బర్రెల కుడితి నీళ్లు కలపొద్దన్న పాపానికి ఒక పిల్లగాన్ని కొడుతుంటే అడ్డం పోయి, తన మీదికొచ్చినోళ్లకు బిందె ఎత్తి చూపించిన మున్నంగి సువార్త. తెల్లారి ఊరు మీద పడి ఏం చేసిండ్రో ఈ పుస్తకం చదివేవాళ్లకు చెప్పనక్కరలేదు. ఎత్తిన ఆ చేతిని ఏ అందాల పోటీల కొలుస్తరు?

పోటీ అంటే 2025 మే నెల గురించి చెప్పకుండా ఉండలేను. హైదరాబాదుల 72వ మిస్ వరల్డ్. నూటికి పైగా దేశాల అమ్మాయిలు. మే 14న కొందరిని రామప్పకు తీసుకొచ్చిండ్రు. 2021లో యునెస్కో జాబితాకెక్కిన గుడి. మా ఊరికి ఇరవై కిలోమీటర్లు. గుడిలకు పోయే ముందట వాళ్లను వరుసగ కూసోబెట్టి, మన ఆడవాళ్లు వంగి కాళ్ల మీద నీళ్లు పోసిండ్రు. తువ్వాలతోని తుడిచిండ్రు. ఆ వీడియో నా ఫోన్ల మా అమ్మకు చూపించిన. అతిథి మర్యాద అంటున్నరమ్మా అన్న. ఆమె రెండోసారి పెట్టుమని చూసింది.

"సుట్టమొస్తే చెంబుతోని నీళ్లిస్తం బిడ్డా. కాళ్లు వాళ్లే కడుక్కుంటరు. తుడుసుడు నేను దొర ఇంట్లనే సూసిన."

దీనికి మించి నేనేం రాయగలను? టీవీలల్ల మాత్రం రోజుల తరబడి రాసిండ్రు, అరిచిండ్రు. తెలంగాణ ఆత్మగౌరవం పోయిందని ఒకరు, మన సంప్రదాయమని ఒకరు. నేను చూసిన చర్చల్లో కుర్చీలల్ల కూసున్నది పార్టీలవాళ్లే. వంగినవాళ్లకు కుర్చీ పడలేదు. అదే పోటీల నుంచి ఇంగ్లండు అమ్మాయి మిల్లా మాగీ మధ్యలనే వెళ్లిపోయి, డబ్బున్న అతిథుల బల్లల కాడ కూసోబెట్టి వాళ్లను సంతోషపెట్టమన్నరని అక్కడి పత్రికకు చెప్పింది. నిర్వాహకులు అట్లాంటిదేం లేదన్నరు. గెలిచింది థాయ్‌లాండ్ అమ్మాయి ఓపల్ సుచాత. పదహారేండ్లప్పుడు రొమ్ముల గడ్డ తీయించుకొని, ఆ నొప్పినే పట్టుకొని రొమ్ము క్యాన్సర్ మీద ఆడవాళ్లకు అవగాహన కలిగిస్తున్న పిల్ల. ఇద్దరూ నాకు నచ్చిండ్రు. ఒకామె తన ఒంటి కథను మైకు ముందట చెప్పుకోగలిగింది. ఒకామె నచ్చక విమానమెక్కి పోగలిగింది. మా అమ్మకు మైకు లేదు. తువ్వాల పట్టుకున్న ఆడమనిషి నచ్చకపోతే ఎక్కడికి పోవాలె?

మొన్న మా బడి వార్షికోత్సవం. మధ్యల బదిలీ మీద పోయి నేను మళ్ల ఇదే బడికి వచ్చిన. ఆ స్కావెంజరమ్మ ఇంకా ఉన్నది. ఆమె మనుమరాలు నా దగ్గర ఎనిమిదో తరగతి. ఆటల ఆ పిల్ల ముందు ఎవలూ నిలవరు. డాన్సు నేర్పిన సహోద్యోగి దాన్ని వెనక వరుసల, మూలకు పెట్టింది. ఎందుకని అడిగితే "ముందు వరుసకు మొఖం కళగా ఉన్నవాళ్లు కావాలండీ" అన్నది. ఆనాడు మార్చి 8న హాల్ల నా పక్కనే కూసొని చప్పట్లు కొట్టినామెనే. నేను ఊకోలేదు. హెడ్మాస్టరు రూములో గొడవైంది. రంగు చూసి వరుసలు కడుతరా అన్న. "మీరు ప్రతిదాంట్లో కులం తెస్తారు మేడం" అన్నది. నేను రంగు అన్ననే గని కులమనలేదు. ఆమె నోట్లెకెళ్లే వచ్చింది. అప్పటిసంది నాతోని మాట్లాడతలేదు. టీ తాగే బల్ల కాడ ఇప్పుడు నేనొక్కదాన్నే.

పిల్లను ముందు వరుసకు తెచ్చిన. స్టేజి వెనుక తయారుచేసేటప్పుడు నా చెయ్యి పౌడరు డబ్బా మీదికి పోయింది. పదమూడేండ్లయినా పోతనే ఉన్నది ఆ చెయ్యి. అది మొఖం పక్కకు జరుపుకొని "పౌడరొద్దు టీచర్, చెమటకు చారలైతయి" అన్నది. డబ్బా మూత పెట్టిన.

పాట మొదలైంది. రెండు స్టెప్పులు తప్పింది, అయినా ఆగలేదు. పిల్లలు ఈలలేస్తున్నరు. వాళ్ల నాయినమ్మ ఎక్కడున్నదో అని చూసిన. కుర్చీలల్ల లేదు. స్టేజి వెనుక నల్లా కాడ కూసొని అతిథులు తిన్న ప్లేట్లు కడుగుతున్నది. ఉరికిపోయి చెప్పిన, నీ మనుమరాలు ముందు వరుసల ఎగురుతుంది, లేవమ్మా, చూద్దువు రా అని.

"ఇవి ఎవలు కడుగుతరు టీచరమ్మా?" అన్నది, చేతులు నీళ్లలనుంచి తియ్యకుండనే.

నేను ఆమె పక్కన కూసొని గంజి చీర కుచ్చిళ్లు పైకి దోపుకొని ప్లేట్లందుకున్న. ఇద్దరం కడిగినా ఇంకా సగముండంగనే పాట అయిపోయింది.